కొత్తిమీర కూరగాయ కాదట: డెట్రాయిట్‌లో విక్ కార్డు, రైతుల మార్కెట్ కూపన్లతో నా అనుభవం

"ఏమే, అంత దూరం పోయి అక్కడ కూడా తెల్లకార్డేనా?" అంది అమ్మ వాట్సాప్‌లో.

2022 అక్టోబర్. నాకు ఆరో నెల. మా ఆయన డెట్రాయిట్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు, స్టైపెండ్ ఏడాదికి 26 వేల డాలర్లు. నాది ఎఫ్-2 వీసా, అంటే ఉద్యోగం చేయడానికి లేదు. అద్దె, ఇన్సూరెన్స్, పాత కారు రిపేర్లు పోను నెలాఖరుకి మిగిలేది ఎంతో చెబితే తెనాలిలో మా మేనమామ ఐదు వందల డాలర్లు పంపిస్తానంటాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. అలాంటప్పుడు ఎదురు ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ నా పొట్ట చూసి, "విక్‌కి పెట్టుకున్నావా?" అని అడిగింది. విక్ అంటే గర్భిణులకి, బాలింతలకి, ఐదేళ్ల లోపు పిల్లలకి అమెరికా ప్రభుత్వం ఇచ్చే తిండి సాయం. ఆవిడ కూతుళ్లిద్దరూ దాని మీదే పెరిగారట. ఆ మాట చెప్పడంలో ఆవిడకి సిగ్గేమీ లేదు. సిగ్గంతా నాకే.

రెండేళ్లు ఆ కార్డు వాడాను. వేసవుల్లో రైతుల మార్కెట్ కూపన్లూ వాడాను. వీటి గురించి తెలుగులో ఎవరూ రాయరు, ఎందుకంటే వాడినవాళ్లు వాడినట్టు చెప్పరు. డెట్రాయిట్ శివారు నోవైలో ఉండే ఒక అక్క నాకు ఫోన్లో అన్నీ వివరంగా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "మనవాళ్లెవరికీ చెప్పకమ్మా" అంది. ఆ అక్కకి సారీ.

ముందు అందరూ అడిగే ప్రశ్న. మా ఆయన టెన్షన్ కూడా అదే: రేపు గ్రీన్‌కార్డుకి వెళితే, "ప్రభుత్వం మీద పడి తిన్నారు" అని పట్టుకుంటారేమోనని. పబ్లిక్ చార్జ్ అంటారు దాన్ని. నేను చేరిన ఏడాది డిసెంబర్‌లో అమల్లోకి వచ్చిన రూల్‌లో ప్రధానంగా చూసేది నెలనెలా చేతికిచ్చే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో సంస్థల్లో దీర్ఘకాలం ఉంచి చూసుకోవడం. విక్ అందులో లేదు. 2019లో రూల్ కఠినం చేసినప్పుడు కూడా విక్‌ని దాంట్లో కలపలేదు. విక్ ఇచ్చేటప్పుడు వీసా ఏమిటని కూడా అడగరు. అయినా రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీరు చేరే నాటికి ఏముందో యూనివర్సిటీ వాళ్లనో లాయర్‌నో అడగండి. నా మాట పట్టుకుని వెళ్లకండి.

ఆదాయం లెక్క సులువు. దారిద్ర్య రేఖకి 185 శాతం లోపు ఉండాలి. మేం చేరినప్పుడు ముగ్గురి కుటుంబానికి ఏడాదికి 42,606 డాలర్లు హద్దు. మేం ఇద్దరమే కదా అంటే, కడుపులో ఉన్న బిడ్డని కూడా లెక్కేస్తారు. నాకు ఆ రోజు బాగా నచ్చిన రూల్ అదే. ఇంకా పుట్టని మనిషికి ఒక విస్తరి వేసి ఉంచినట్టు.

క్లినిక్‌కి వెళితే వేలు కుట్టి చుక్క రక్తం తీశారు. హిమోగ్లోబిన్ 10.2. మన ఆడవాళ్లకి అదేం వింత కాదు, నాకూ ఏమీ అనిపించలేదు. క్లినిక్ ఆవిడ మాత్రం కళ్లద్దాలు సర్దుకుని, ఎత్తు బరువు రాసుకుని, "రోజుకి కూరగాయలు ఎన్ని కప్పులు తింటారు?" అని అడిగింది. నేను ఆలోచనలో పడ్డాను. పప్పులో వేసిన తోటకూర ఎన్ని కప్పులు? ఉడికాక అది గుప్పెడు కూడా ఉండదు. చారులో పిసికిన టమాటా కప్పు కిందకి వస్తుందా? గోంగూర పచ్చడి కూరగాయా, ఊరగాయా? "ఒక కప్పు" అన్నాను, ఏదో ఒకటి అనాలని. ఆవిడ నవ్వి, "మీ ఊళ్లో ఏం తినేవాళ్లో చెప్పు, కప్పులు నేను చూసుకుంటాను" అంది. అరగంట మాట్లాడాం. ఈ పథకంలో మనుషులకి నేను ఐదుకి ఐదు ఇస్తాను. మెషీన్లకే ఇవ్వలేను.

కార్డులో పడేవి రెండు రకాలు. పాలు, గుడ్లు, పప్పులు, ముడిబియ్యం లాంటివి కొలతల్లో ఇస్తారు: ఇన్ని క్వార్టులు, ఇన్ని పౌండ్లు అని. పళ్లకీ కూరగాయలకీ మాత్రం డబ్బుగా ఇస్తారు, అది పళ్లూ కూరగాయలకి తప్ప దేనికీ చెల్లదు. నేను చేరినప్పుడు గర్భిణికి నెలకి 44 డాలర్లు. పాప పుట్టాక పూర్తిగా తల్లిపాలే ఇచ్చాను కాబట్టి 49, ఆ అక్టోబర్ నుంచి 52. ఒక మనిషి నెల కూరగాయలకి 52 డాలర్లు అంటే మా లెక్కలో చాలా పెద్ద మాట.

ఈ డబ్బు మొదటి నుంచీ లేదట. ఎదురింటి పెద్దావిడ చెప్పబట్టే తెలుసుకున్నాను. విక్ మొదలైంది 1970ల్లో, మొదటి కేంద్రం 1974లో కెంటకీలో తెరిచారు. మూడు దశాబ్దాల పైన అందులో పాలు, చీజు, గుడ్లు, సీరియల్, జ్యూసు లాంటివే. తాజా కూరగాయ అన్నది లేదు, ఒక్కటి తప్ప: 1992 నుంచి పాలిచ్చే తల్లులకి క్యారెట్లు ఇచ్చారు. ఎవరి ఆలోచనో గానీ, బాలింతలంటే కుందేళ్లనుకున్నట్టున్నారు. 2009లో గానీ పళ్లు, కూరగాయల వోచర్ రాలేదు. వచ్చాక కూడా చాలాకాలం పిల్లలకి నెలకి 9 డాలర్లు, ఆడవాళ్లకి 11 దాటలేదు. పెద్దావిడ చిన్న కూతురు, "9 డాలర్లకి ఒక సంచీ ఆపిల్స్, రెండు అరటి గెలలు, అయిపోయింది" అంటుంది (గెల అంటే మన గెల కాదు, ఇక్కడి ఐదారు పళ్ల హస్తం). కోవిడ్‌లో, 2021 వేసవిలో, కొద్ది నెలలకని దాన్ని 35 చేశారు. ఆ రుచి చూశాక మళ్లీ 9కి దించడానికి ఎవరికీ మనసు రాలేదు. 2023లో ప్రతినిధుల సభలో బాగా కోసేయాలని బిల్లు తెచ్చారు గానీ అది గట్టెక్కలేదు. ఆ వార్త వచ్చిన వారం మా క్లినిక్ వెయిటింగ్ రూమ్‌లో అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. అంతకు ముందు అక్కడ ఎవరి ఫోన్ వాళ్లే చూసుకునేవాళ్లు.

ఇక సూపర్ మార్కెట్ సంగతి. ఇదే అసలు కథ.

పేరు చెప్పను, మా ఇంటికి దగ్గర్లో ఉన్న పెద్ద షాపు. మొదటిసారి వెళ్లినప్పుడు నవంబర్ చలి. నేను తీసుకున్నవి: ఉల్లిపాయలు మూడు పౌండ్ల సంచి, టమాటాలు, పాలకూర, బీట్‌రూట్, పచ్చిమిర్చి, రెండు నారింజలు, ఫ్రోజెన్ బెండకాయ ప్యాకెట్లు రెండు, ఒక కట్ట కొత్తిమీర. విక్ సామాను ముందు పెట్టాలి, కార్డు ముందు గీకాలి, అది తీసుకోనిది ఏదైనా ఉంటే మన డబ్బుతో కట్టాలి. ఇదంతా నాకు యూట్యూబ్‌లో చూసినా వణుకే. అన్నీ బీప్, బీప్ అని పోయాయి. కొత్తిమీర దగ్గర ఆగింది. మళ్లీ గీకాడు. ఆగింది. కౌంటర్ మీద ఉన్న అబ్బాయి కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు, పాపం చాలా మర్యాదగా, "ఇది హెర్బ్ మేడమ్, వెజిటబుల్ కాదు. కార్డు తీసుకోదు" అన్నాడు.

నా వెనక ముగ్గురున్నారు. ఒకావిడ బండి హ్యాండిల్ మీద గోళ్లతో టకటక కొడుతోంది. 99 సెంట్లు. జేబులో ఉన్నాయి. కానీ అంతమంది ముందు కొత్తిమీర కట్టకి కార్డు చెల్లలేదని విడిగా డాలర్ నోటు తీయడం నాకు ఎందుకో చేతకాలేదు. "వద్దులే" అన్నాను. ఆ అబ్బాయి కట్టని పక్కన పెట్టేశాడు, కింద నీళ్లు కారుతున్నాయి. ఆ రోజు టమాటా చారు కొత్తిమీర లేకుండా పెట్టాను. మా ఆయన ఒక ముద్ద తిని, "ఏంటి, జ్వరం వచ్చిందా నీకు?" అన్నాడు. మా ఇంట్లో కొత్తిమీర లేని చారు జ్వరం వచ్చినవాళ్లే పెడతారు.

తర్వాత చదివితే అది ఆ అబ్బాయి తప్పు కాదు, షాపు తప్పూ కాదు. వాషింగ్టన్‌లో రాసిన రూలే అంత. పళ్లు, కూరగాయల డబ్బుతో కొనకూడని వాటి జాబితా ఒకటుంది. అప్పటికి హెర్బులు (కొత్తిమీర, పుదీనా లాంటి వాసన ఆకులు), మసాలాలు వద్దు. సాస్ కలిపిన కూరగాయలు వద్దు. పళ్ల బుట్టలు, పార్టీ ట్రేలు వద్దు. రంగులేసిన గుమ్మడికాయ వద్దు. అలంకారానికి దారానికి గుచ్చిన మిరపకాయలు వద్దు, దండ కట్టిన వెల్లుల్లి కూడా వద్దు. ఇది చదివి గట్టిగా నవ్వాను. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టే మన అలవాటు వీళ్లకెలా తెలిసిందో! అంత ముందుచూపు ఉన్నవాళ్లకి పప్పులో, చారులో, పచ్చట్లో, చివరికి ఉప్మాలో కూడా కొత్తిమీర పడే ఇళ్లుంటాయని మాత్రం తట్టలేదు. కొత్తిమీర మనకి పైన చల్లుకునే అలంకారం కాదు కదా. కట్ట మొత్తం వేసి పచ్చడి నూరితే ముగ్గురికి రెండు పూటలు వస్తుంది. పుదీనా అంతే. కరివేపాకు సంగతి అడగనే వద్దు, ఆ షాపులో దాని పేరు కూడా ఎవరికీ తెలీదు.

బంగాళాదుంప కథ కూడా ఇలాంటిదే. తెల్ల బంగాళాదుంపని ఈ డబ్బుతో కొననిచ్చేవాళ్లు కాదు, జనం ఎలాగూ అవే ఎక్కువ తింటున్నారని. పండించేవాళ్లకి కోపం వచ్చింది, వాళ్ల తరఫున అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) కదిలింది, 2015కల్లా దుంప లోపలికి వచ్చేసింది. కొత్తిమీరకి అలాంటి పెద్ద రైతుల సంఘం లేదు కాబోలు, ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త రూల్‌లో తాజా హెర్బులు కొనొచ్చన్నారు. అమలు చేయడానికి రాష్ట్రాలకి 2026 ఏప్రిల్ దాకా గడువిచ్చారు. కాబట్టి ఇప్పుడు చేరేవాళ్లకి నా కష్టం ఉండకపోవచ్చు. బిల్లింగ్ కౌంటర్ దాకా వెళ్లాక తెల్లబోకుండా, ముందే విక్ యాప్‌లో బార్‌కోడ్ స్కాన్ చేసి చూసుకోండి.

ఇంకో చిక్కు: విడిగా తూచి అమ్మే కాయలకి ఒక్కోదానికి ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ మెషీన్‌లో విక్ లిస్టుకి కలిసి ఉండాలి. ఆపిల్‌కి, అరటిపండుకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కాకరకాయకి రెండుసార్లు ఆగింది, మూడోసారి వెళ్లింది, ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు. మన ఇండియన్ స్టోర్‌కి వెళదామంటే నాకు తెలిసిన మూడింట్లో ఒక్కటీ విక్ తీసుకోదు. తీసుకోవాలంటే పాలపొడి డబ్బాల దగ్గర్నుంచి సీరియల్ దాకా ఫలానా సరుకులు ఎప్పుడూ ఇంత స్టాకు ఉండాలనే షరతులున్నాయి. కందిపప్పు, ఇడ్లీ రవ్వ అమ్ముకునే చిన్న కొట్టు అవన్నీ ఎక్కడ పెడుతుంది? దాంతో దొండకాయ, చిక్కుడుకాయ, ములక్కాడ దొరికే చోట కార్డు చెల్లదు. కార్డు చెల్లే చోట అవి దొరకవు.

తిట్టడమే పనిగా పెట్టుకున్నానని అనుకోకండి. ఆ శీతాకాలం నేను బీట్‌రూట్ కూర, పాలకూర పప్పు, నారింజలు లెక్క చూసుకోకుండా తిన్నానంటే ఆ కార్డు వల్లే. పాలైతే అప్పట్లో గర్భిణికి నెలకి 22 క్వార్టులు, అంటే ఇరవై లీటర్ల పైన. ఇద్దరం ఎంత తాగుతాం? తోడు పెట్టడం మొదలుపెట్టాను. డెట్రాయిట్ చలికి పెరుగు తోడుకోదు, గిన్నెని ఓవెన్‌లో పెట్టి, మంట కాదు, లైటు మాత్రం వేసి ఉంచాలి. తెల్లారేసరికి గడ్డ పెరుగు. పప్పుల కింద మసూర్, బఠానీ పప్పు వచ్చేవి. ఎనిమిదో నెలలో హిమోగ్లోబిన్ 11.1 అయింది. బీట్‌రూట్ వల్లా, డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రల వల్లా అంటే నేను చెప్పలేను. కార్డుకి ఐదులో మూడున్నర. కొత్తిమీరకి ఒకటి, ఇండియన్ స్టోర్‌కి అర కోశాను.

నెలాఖరు గురించి ఒక మాట. మిగిలిన డబ్బు వచ్చే నెలకి రాదు, పోతుంది. అందుకని 29, 30 తారీఖుల్లో మా వంటింట్లో పండగే. ఏడు డాలర్లు మిగిలాయని మా ఆయన ఒకసారి రెండు అనాసపళ్లు పట్టుకొచ్చాడు. వాటిని కోసే కత్తి మా ఇంట్లో లేదు.

ఇప్పుడు కూపన్లు. వీటి గురించే నాకు ఎక్కువ రాయాలని ఉంది.

2023 జూన్‌లో క్లినిక్‌కి వెళితే, పాపకి నాలుగు నెలలప్పుడు, ఒక చిన్న కూపన్ పుస్తకం ఇచ్చారు. మిషిగన్‌లో దీన్ని ప్రాజెక్ట్ ఫ్రెష్ అంటారు. విక్‌లో ఉన్నవాళ్లకే ఇస్తారు, అదీ అందరికీ సరిపోవు, ముందు వెళ్లినవాళ్లకి ముందు. ఏడాది మొత్తానికి కలిపి 30 డాలర్లు దాటదు. అక్టోబర్ చివరికల్లా వాడేయాలి. చిల్లర ఇవ్వరు, ఐదు డాలర్ల కూపన్ ఇచ్చి మూడు డాలర్లది కొంటే మిగతా రెండూ పోయినట్టే. ఇదంతా విని, "30 డాలర్లకి ఇంత తతంగమా" అనుకున్నాను. పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పడేశాను, నెల దాకా ముట్టుకోలేదు.

జూలైలో ఒక శనివారం పెద్దావిడే లాక్కెళ్లింది. మా ఇంటి నుంచి ఈస్టర్న్ మార్కెట్ నడిచి వెళ్లే దూరమే, మధ్యలో ఐ-75 హైవే అడ్డం. మాక్ అవెన్యూ వంతెన మీద పాప స్ట్రోలర్ తోసుకుంటూ వెళుతుంటే కింద లారీలు రొద పెడుతుంటాయి, వంతెన కాళ్ల కింద అదురుతుంది. అటు దిగాక మాత్రం వేరే లోకం. 1891 నుంచీ ఉన్న మార్కెట్ అది. పొడవాటి ఇటుక షెడ్లు, శనివారం పొద్దున వేల మంది. మొక్కజొన్న పొత్తులు కుప్పలు పోసి, టమాటాలు బుట్టల లెక్కన, ఒక మూల ఎవరో సాక్సఫోన్ వాయిస్తూ. తెనాలి కూరగాయల మార్కెట్‌లో సాక్సఫోన్ ఒక్కటే తక్కువ.

మొదట నేను తప్పు చేశాను. మామిడిపళ్లున్న బల్ల దగ్గరికి వెళ్లి కూపన్ చూపించాను. అతను తల అడ్డంగా ఊపాడు. అక్కడ అందరూ రైతులు కాదు, హోల్‌సేల్‌లో కొని అమ్మేవాళ్లూ ఉంటారు. కూపన్ స్థానికంగా పండించి తెచ్చిన రైతుకే చెల్లుతుంది, అది తీసుకునే బల్ల మీద బోర్డు ఉంటుంది. నిజమే కదా, మిషిగన్‌లో మామిడి ఎవరు పండిస్తారు? నేనే నవ్వుకున్నాను.

షెడ్డు చివర్లో ఒక ముసలావిడ, లావోస్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబమట. ఆవిడ బల్ల మీద బోర్డు ఉంది. బల్ల మీద ఏమున్నాయో చూసి నాకు కాళ్లు కదల్లేదు. పచ్చి తోటకూర, ఎర్ర తోటకూర, మొదళ్లకి మట్టి అంటుకుని ఉన్నట్టే. మూరెడు పొడవు బొబ్బర్లకాయలు, జానెడు దూరం నుంచే ఘాటు తెలిసే సన్న మిరపకాయలు. పక్కన ఒక తొట్టిలో నీళ్లలో నిలబెట్టి కొత్తిమీర. వేళ్లతో సహా.

"ఇది కూపన్‌కి ఇస్తారా?" అని అడిగాను కొత్తిమీర చూపిస్తూ. ఆ నవంబర్ బీప్ చెవిలో ఉంది ఇంకా. ఆవిడ నా వంక విచిత్రంగా చూసి, "ఎందుకివ్వను?" అంది.

ఇవ్వొచ్చు. రైతుల మార్కెట్ కూపన్ల రూల్‌లో పళ్లు, కూరగాయలు, హెర్బులు అని స్పష్టంగా రాసి ఉంది. అదే ప్రభుత్వం, అదే వ్యవసాయ శాఖ, అదే క్లినిక్‌లో ఇచ్చిన కాగితం. కార్డుకి కూరగాయ కాని కొత్తిమీర కూపన్‌కి అయింది.

ఐదు డాలర్లకి రెండు కట్టల తోటకూర, ఒక కట్ట కొత్తిమీర వచ్చాయి. ఆవిడ లెక్క చూసి, చిల్లర ఇవ్వకూడదు కాబట్టి గుప్పెడు మిరపకాయలు పైన వేసింది. కొసరు! ఐదేళ్లయింది నేను కొసరు అనే మాట విని. సూపర్ మార్కెట్‌లో ఎవరు వేస్తారు కొసరు? తోటకూరని చేత్తో చూపించి, ఎలా వండుతావని సైగ చేసింది. పప్పులో అని చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. వాళ్లు వెల్లుల్లి వేసి వేయిస్తారట. కాడలు పారేయకూడదని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఇంటికొచ్చి వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే, "మొదలు ముదిరిందే, కాడల పులుసుకి పనికొస్తుంది" అంది. తెల్లకార్డు మాట మళ్లీ ఎత్తలేదు. కాడల పులుసు ఎలా పెట్టాలో మాత్రం మూడుసార్లు చెప్పింది, నాకు వచ్చని తెలిసి కూడా.

పెద్దావిడది వేరే లెక్క. ఆవిడకి స్నాప్ ఉంది, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం, పాతకాలంలో ఫుడ్ స్టాంపులు అనేవాళ్లు. మార్కెట్‌లో ఆవిడ స్నాప్ కార్డు మీద 20 డాలర్లు ఖర్చు పెడితే, పళ్లు కూరగాయలకి ఇంకో 20 డాలర్లు ఉచితంగా టోకెన్లుగా కలిపేవాళ్లు. డబుల్ అప్ ఫుడ్ బక్స్ అంటారు దాన్ని. ఫెయిర్ ఫుడ్ నెట్‌వర్క్ అనే సంస్థ 2009లో ఇదే డెట్రాయిట్‌లో మొదలుపెట్టింది, తర్వాత ఇంకా చాలా రాష్ట్రాలకి పాకింది. మా వీసా మీద పెద్దవాళ్లకి స్నాప్ రాదు కాబట్టి దాన్ని నేను వాడలేదు, మార్కులు వేయను. కానీ ఆవిడ ఆ టోకెన్లు జేబులో గలగలమనిపించుకుంటూ, "ఈ పీచెస్ నిన్న కోసినవా, మొన్న కోసినవా?" అని రైతుని నిలదీస్తుంటే చూడాలి. సాయం తీసుకుంటున్న మనిషిలా కాదు, మా నాయనమ్మ సంతలో వంకాయల బుట్ట ముందు కూర్చున్నట్టు ఉండేది.

అదే సూపర్ మార్కెట్ లైన్‌లో ఆవిడా నాలాగే తల దించుకుని నిలబడేది. నేను చూశాను.

కూపన్లకి ఐదులో నాలుగున్నర. అర ఎందుకు కోశానంటే, 30 డాలర్లు ఒక వేసవికి చాలవు. శనివారం పొద్దున పసిపిల్లతో అంత దూరం రాలేని వాళ్లున్నారు. కారు లేని వాళ్లు, శనివారాలు డ్యూటీ ఉన్నవాళ్లు. మా క్లినిక్‌లో కలిసే ఒక యెమెన్ అమ్మాయి తన పుస్తకం మొత్తం వాడకుండానే అక్టోబర్ దాటించేసింది. గోదాములో ఆమెకి పని ఉండేది శనివారమే.

2024 ఫిబ్రవరిలో పాపకి ఏడాది నిండింది. బాలింతగా నా వాటా ఆగిపోయింది, పాప వాటా 26 డాలర్లు మొదలైంది. 52 నుంచి 26కి. మొదటి నెల బాగా తెలిసింది. బ్లూబెర్రీలు దాని డబ్బుతో కొని, మేం చూస్తూ ఉండటం అలవాటైంది. దానికి నేనొక్కటే చెబుతాను: తల్లికి కూడా ఇంకో ఏడాది ఇవ్వాలి. పాలు మాన్పించగానే ఆడదానికి రక్తం పట్టేస్తుందని ఎవరనుకున్నారో గానీ.

ఆ వేసవి మళ్లీ కూపన్లు ఇచ్చారు. పాప అప్పటికి నడుస్తోంది. అక్టోబర్ ఆఖరి శనివారం పుస్తకంలో ఒక్క కూపనే మిగిలింది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, మార్కెట్‌లో గుమ్మడికాయలు, ఆపిల్స్ తప్ప పెద్దగా ఏం లేవు. లావోస్ ఆవిడ బల్ల మీద తోటకూర అయిపోయింది, మొన్నటి మంచుకి మొత్తం నల్లబడిపోయిందట. ముదిరిపోయిన కొత్తిమీర మాత్రం ఉంది, ఆకు తక్కువ, చివర్లో పచ్చి ధనియాలు గుత్తులుగా. ఎవరూ కొనడం లేదు. ఆవిడ ఐదు డాలర్ల కూపన్ తీసుకుని, ఉన్నదంతా ఒక సంచిలో కుక్కి ఇచ్చేసింది, పాప చేతిలో ఒక ఆపిల్ పెట్టింది.

పచ్చి ధనియాలు సగం పచ్చిమిర్చితో కలిపి నూరాను. ఆ వాసన రాయడానికి నాకు మాటలు చాలవు. మిగతా సగం ఎండబెట్టి, కొన్ని కిటికీ దగ్గర పెరుగు డబ్బాలో చల్లాను. పన్నెండో రోజున మూడు మొలిచాయి. పాప రెండు పీకేసింది.